కూలిన సగం చెప్పే సాక్ష్యం

పాత కట్టడాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా నిలిచి ఉన్న భాగాన్నే వర్ణిస్తారు. కూలిన భాగం దగ్గరికి వచ్చేసరికి ‘కాలగర్భంలో కలిసిపోయింది’ అని ఒక్క మాటతో దాటేస్తారు. ఈ అలవాటు మనకు చాలా నష్టం చేసింది. గోడ నిలిచి ఉన్నంత కాలం తన లోపలి సంగతి దాచుకుంటుంది. విరిగినప్పుడే ఎంత మందంగా కట్టారో, దేనితో కట్టారో, కమాను బరువు ఎటు దిగిందో బయటపడుతుంది. ఎలా విరిగిందన్నది ఇంకో సంగతి కూడా చెబుతుంది: ఆఖరి రోజుల్లో ఆ కట్టడాన్ని ఎవరు, దేనికి వాడారు అన్నది. ఈ అధ్యాయంలో చూడబోయేది బీదర్ పట్టణం నడిబొడ్డున ఉన్న మహమూద్ గవాన్ మదర్సాను. దాని కథలో ముఖ్యమైన సగం దాని కూలిన సగంలోనే ఉందని నా వాదన.

బీదర్ తెలంగాణలోని నారాయణఖేడ్ వాళ్లకు పరాయి ఊరు కాదు. నేరుగా గీత గీసి కొలిస్తే రెంటికీ మధ్య సుమారు 30 కిలోమీటర్లు. నిజాం కాలంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జిల్లా ముక్కలైంది. బీదర్ పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయింది, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. సరిహద్దు గీత పడ్డాక ఈ కట్టడం తెలుగులో రాసే చరిత్రల్లోంచి దాదాపు జారిపోయింది. గోల్కొండ గురించి, చార్మినార్ గురించి మనకు పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. చార్మినార్ కంటే 119 ఏళ్లు పెద్దదైన ఈ మదర్సా గురించి ఉన్నది చాలా తక్కువ. తెలంగాణలో అధిక భాగాన్ని బహమనీలు బీదర్ నుంచే ఏలారు. ఆ రాజధాని చరిత్రలో మనకూ వాటా ఉంది.

ముందుగా కాగితం మీద ఉన్న సంగతులు. మహమూద్ గవాన్ ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న గీలాన్ ప్రాంతం వాడు. 1453 ప్రాంతంలో వర్తకుడిగా దక్కన్‌కు వచ్చాడు. బహమనీ కొలువులో చేరి మెట్టు మెట్టుగా ఎదిగి, మూడో మహమ్మద్ షా కాలానికి రాజ్యంలో సుల్తాన్ తర్వాత అంతటివాడు అయ్యాడు. 1472లో ఈ మదర్సా పూర్తయింది. దాని గ్రంథాలయంలో మూడు వేల పుస్తకాలు ఉండేవని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. 1481 ఏప్రిల్ 5న గవాన్ తల తీయించారు. ఆ పని జరిగింది బీదర్‌లో కాదు, మన కొండపల్లిలో, సుల్తాన్ దండు విడిసిన చోట. గవాన్ ముద్ర ఉన్న ఖాళీ కాగితాన్ని శత్రువులు సంపాదించి, ఒడిశా గజపతికి అతను రాజద్రోహపు లేఖ రాసినట్టు దానిమీద సృష్టించారు. ముద్ర నిజమైనదే, రాత అబద్ధం. ఈ సంఘటన చరిత్ర చదివేవాళ్లు ఎప్పుడూ మనసులో పెట్టుకోవాల్సినది. కాగితం మీద ముద్ర ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది నిజమైపోదు. అలాంటి చోట గోడను కూడా సాక్షిగా పిలవాలి.

ఇక కట్టడం. తూర్పు నుంచి పడమరకు 205 అడుగులు, అడ్డం 180 అడుగులు. మధ్యలో నలుచదరపు ఆవరణ, దాని చుట్టూ మూడు అంతస్తుల గదులు. ఒక్కో వైపు నడిమధ్యన ఎత్తైన కమానుతో ఆవరణలోకి తెరుచుకునే పెద్ద గది. దీన్ని ఇవాన్ అంటారు. ముఖద్వారం తూర్పున ఉండేది. ఆ ముఖానికి రెండు చివర్లా రెండు మినార్లు ఉండేవి. ఇప్పుడు ఉత్తరపు చివరన ఒక్కటే నిలిచి ఉంది, ఎత్తు 131 అడుగులు. దక్షిణపు మినార్ లేదు. ద్వారం లేదు. తూర్పు ముఖంలో సగానికి పైగా పోయింది. దాన్ని ఆనుకుని దక్షిణం వైపున కూడా చాలా మేర పోయింది. ఉత్తరం వైపు, పడమర వైపు మాత్రం మూడు అంతస్తులూ నిలిచి ఉన్నాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి. నష్టమంతా ఆగ్నేయ మూలన పోగుపడి ఉంది, అక్కడి నుంచి దూరం జరిగే కొద్దీ తగ్గిపోతుంది.

కట్టడం ఎలా కూలిందన్న దానిపై ఎక్కువమంది చెప్పేది ఇది. 1657లో మొగల్ రాకుమారుడిగా ఉన్న ఔరంగజేబు బీదర్ కోటను పట్టుకున్నాక మదర్సాను సైనికుల నివాసంగా, తుపాకిమందు కొట్టుగా వాడారు. హిజ్రీ 1107లో, అంటే 1695-96లో, ఆ మందు పేలి కట్టడం కూలింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆంగ్ల రచయిత మెడోస్ టేలర్ ఈ మాటే రాశాడు. హైదరాబాద్ రాష్ట్ర పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ బీదర్ కట్టడాలన్నింటినీ కొలిచి 1947లో వెలువరించిన గ్రంథంలోనూ ఈ పేలుడు సంగతి ఉంది. దీనికి పోటీగా పిడుగు పడిందన్న కథనం ఒకటి ఉంది. ఏ ఆధారమూ చూడకుండా, పాతబడి కూలిపోయి ఉంటుందిలే అనుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమంది.

పాతబడి కూలిందన్న మాటను ముందుగా పక్కన పెట్టవచ్చు. నిర్లక్ష్యం కట్టడాన్ని తినే పద్ధతి వేరు. వాననీరు పైకప్పు నుంచి దిగుతుంది, గచ్చు పగులుతుంది, పగుళ్లలో రావి మొలకెత్తుతుంది, వేరు లావయ్యే కొద్దీ రాళ్లు వేరవుతాయి. ఇది నాలుగు వైపులా కాస్త అటూ ఇటూగా జరుగుతుంది. ఒక మూల నేలమట్టమై, అదే ముఖం రెండో చివరన 131 అడుగుల మినార్ నిలిచి ఉండడం ఆ పద్ధతికి పొసగదు. రాళ్లు ఎత్తుకుపోయారనుకుందామా? ఎత్తుకుపోయేవాళ్లు చేతికి అందే రాళ్లతో మొదలుపెడతారు, అన్ని వైపులా పీకుతారు. కూలిన గుట్టలోంచి తర్వాత తీసుకుపోయి ఉండవచ్చు గానీ, అది కూలడానికి కారణం కాజాలదు. పైగా ఫిరిష్తా సాక్ష్యం ఉంది. పదిహేడో శతాబ్దం మొదటి ఏళ్లలో, అంటే మదర్సా కట్టిన సుమారు 130 ఏళ్ల తర్వాత, అది ఈమధ్యనే పూర్తయినట్టు చెక్కుచెదరక ఉందని ఆయన రాశాడు. అంతకాలం నిగనిగలాడిన కట్టడం మరో తొంభై ఏళ్లకే ఒక పక్క ఉన్నట్టుండి ముసలిదైపోదు.

భూకంపం? ఈ సందేహం న్యాయమైనది. బీదర్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని కిల్లారిలో 1993 సెప్టెంబర్ 30న వచ్చిన భూకంపం పదివేల మంది దాకా ప్రాణాలు తీసింది. దక్కన్ పీఠభూమి కదలదన్న నమ్మకం ఆ తెల్లవారుజామున పోయింది. అయితే భూకంపం అటూ ఇటూ ఊపుతుంది. ఊపు తగిలినప్పుడు ముందుగా ప్రమాదంలో పడేది ఎత్తుగా సన్నగా ఉన్నది, అంటే మినార్. మందమైన గోడలతో మూడంతస్తుల గదులు కూలేంత ఊపు వచ్చి ఉంటే, అదే పునాది వరుస మీద, అదే ముఖానికి రెండో చివరన ఉన్న మినార్ మిగలడం కష్టం. నేలలో తేడాల వల్ల ఒక పక్క ఎక్కువ ఊగడం అసాధ్యమేమీ కాదు. కానీ ఇంత కొద్ది దూరంలో ఇంత తేడా చూపాలంటే ఆ ఊహకు ఇంకా ఆధారాలు కావాలి. కిల్లారి భూకంపం వచ్చి పోయాక కూడా ఉత్తరపు మినార్ నిలిచే ఉంది.

మిగిలింది లోపలి నుంచి వచ్చిన దెబ్బ. అది ఎలా పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. తుపాకిమందు అంటే సూరేకారం, బొగ్గు, గంధకం. వందలో డెబ్బై అయిదు పాళ్ల దాకా సూరేకారమే. మామూలు మంటకు గాలిలోని ఆక్సిజన్ కావాలి. సూరేకారం ఆ ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొస్తుంది కాబట్టి తలుపులు మూసిన గదిలో కూడా మందు ఆగకుండా కాలుతుంది. ఒక కిలో మందు కాలితే, చల్లారాక కొలిచినా, 250 లీటర్లకు పైగా వాయువు పుడుతుంది. కాలే క్షణంలో అది భగభగ మండే వేడిలో ఉంటుంది గనుక ఇంకా ఎన్నో రెట్లు వ్యాపించాలని చూస్తుంది. ఆరుబయట నేల మీద పోసి అంటిస్తే బుస్సుమని పొగ లేచి పోతుంది. మందపు గోడలు, పైన కమాను కప్పు ఉన్న గదిలో ఆ వాయువుకు దారి దొరకదు. ఒత్తిడి పెరిగి గోడలను బయటికి, కప్పును పైకి నెడుతుంది.

రాతి గోడకు అసలు బలహీనత ఇక్కడే. రాయి, డంగు సున్నం కలిసిన కట్టుబడి పైనుంచి వచ్చే బరువును ఎంతైనా మోస్తుంది. లాగితే మాత్రం నిలవదు. కమాను విద్య మొత్తం దీనిమీదే నడుస్తుంది: ప్రతి రాయీ పక్క రాయిని అదుముతూ ఉండాలి, ఏ రాయినీ ఎవరూ లాగకూడదు. కింది నుంచి కప్పును ఒక్క క్షణం పైకి ఎత్తితే ఆ అదుము పోతుంది. అదుము పోయాక అది కమాను కాదు, గాలిలో ఉన్న రాళ్ల గుంపు. పక్క గోడలు అప్పటికే బయటికి తోసుకుపోయి ఉంటాయి కాబట్టి మళ్లీ ఆనుకోవడానికి చోటు ఉండదు. పై అంతస్తులు ఆ గుంతలోకి దిగుతాయి. దెబ్బ ఒక చోట పుట్టి దూరం పోయే కొద్దీ బలం తగ్గుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న లెక్క సరిగ్గా ఇదే.

ఇలాంటి దెబ్బ తిన్న కట్టడాలు లోకంలో ఇంకా ఉన్నాయి, వాటితో పోల్చి చూడవచ్చు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పట్టణపు గోడను ఆనుకుని ఉన్న కర్క్ ఓ ఫీల్డ్ ఇంటిని 1567 ఫిబ్రవరి 10 తెల్లవారుజామున తుపాకిమందుతో పేల్చారు. రాణి మేరీ భర్త డార్న్లీ అందులో బస చేసిన రాత్రి అది. ఇల్లు చిన్నది కావడంతో రాళ్ల గుట్ట అయిపోయింది. పేలుడు తర్వాత అక్కడి దృశ్యాన్ని గీసి ఇంగ్లండ్‌కు పంపిన బొమ్మ నేటికీ ఉంది. ఏథెన్స్‌లో పార్థెనాన్‌ను ఒట్టోమన్ సైన్యం మందు కొట్టుగా వాడుకుంటే, 1687 సెప్టెంబర్ 26న వెనిస్ సైన్యం వేసిన గుండు అందులో పడింది. రెండువేల ఏళ్లు నిలిచిన గుడికి నడుము విరిగింది, రెండు చివరలూ మిగిలాయి. పెద్ద కట్టడంలో పేలుడు జరిగితే ఇదే తీరు: దగ్గరిది పూర్తిగా పోతుంది, దూరపుది దాదాపు చెదరకుండా మిగులుతుంది. బీదర్ పేలుడు పార్థెనాన్ తర్వాత తొమ్మిదేళ్లలోపే జరిగింది. ఆ కాలపు సైన్యాలన్నీ ఊళ్లో గట్టి కట్టడం కనిపిస్తే మందు దాచుకునేవి.

మరి పిడుగు కథనం అబద్ధమా? అనాల్సిన అవసరం లేదు. 1769లో ఇటలీలోని బ్రెషియా పట్టణంలో ఒక కట్టడం మీద పిడుగు పడింది. ఆ కట్టడంలో మందు నిల్వ ఉంది. అది అంటుకుని ఊళ్లో పెద్ద భాగం ధ్వంసమైంది. పిడుగు ఒక్కటే పడితే గోడ పగలవచ్చు, తడి రాయిలోని నీరు ఆవిరై రాయి చిట్లవచ్చు, మినార్ కొస విరగవచ్చు. మూడంతస్తుల గదుల వరుసను నేలకూల్చే శక్తి దానికి లేదు. కాబట్టి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. కూల్చిందేమిటి? అంటించిందేమిటి? మొదటి ప్రశ్నకు శిథిలం జవాబు చెబుతుంది: లోపలి పేలుడు. రెండో దానికి శిథిలం జవాబు చెప్పలేదు. పిడుగు అయినా, దీపం ఒత్తి అయినా, గోడ విరిగే తీరు ఒకటే. శిథిలాన్ని నమ్మాలంటే అది చెప్పగలిగిన దాన్నే అడగాలి.

ఇంకో అభ్యంతరం ఉంది, దీన్ని చరిత్ర తెలిసినవాళ్లు వేస్తారు. 1657 ముట్టడిలో కూడా బీదర్‌లో పేలుడు జరిగింది. కోట బురుజు దగ్గర ఉన్న మందు అంటుకుని, కోటను కాపాడుతున్న సిద్దీ మర్జాన్ తీవ్రంగా గాయపడి మరణించాడు. నలభై ఏళ్ల తేడాతో ఒకే ఊళ్లో రెండు పేలుళ్లంటే, జనం నోట ఒకటి రెండుగా మారిందేమో కదా? అనుమానించడం మంచిదే. కానీ రెండింటి చోటు వేరు. మొదటిది కోట గోడల మీద, రెండోది పట్టణం మధ్యలో. పైగా మదర్సాలో సైనికులు ఉన్నది కోట మొగలుల చేతికి వచ్చాక. ముట్టడిలోనే కూలిపోయి ఉంటే అందులో సైనికులు కాపురం ఉండేవాళ్లూ కారు, మందు దాచేవాళ్లూ కారు.

అన్ని గదులుండగా పుస్తకాలున్న చోట తుపాకిమందు ఎందుకు పెట్టారన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న. దీన్ని అనాగరికత అని తిట్టి ఊరుకుంటే ఏమీ తెలియదు. పుస్తకానికి కావలసినదేమిటి? చెమ్మ తగలకూడదు, నిప్పు దరికి రాకూడదు, తలుపుకు తాళం పడాలి. తుపాకిమందుకు కావలసినవీ అవే. సూరేకారానికి చెమ్మ తగిలితే మందు పనికిరాకుండా పోతుంది. బీదర్ వానల్లో పొడిగా ఉండే, మందపు గోడల గదులు ఎక్కడున్నాయని సైన్యాధికారి వెతికితే అతనికి కనబడేది మదర్సాయే. ఇంకా బాధపెట్టే సంగతి మరొకటి. గదులు నాసిగా, పలచటి గోడలతో, కొయ్య కప్పుతో కట్టి ఉంటే మందు పేలినప్పుడు కప్పు ఎగిరిపోయి ఒత్తిడి బయటికి పోయేది. గట్టిగా కట్టడం వల్లే ఒత్తిడి లోపల నిలిచి అంత విధ్వంసం జరిగింది. అంటే ఆగ్నేయ మూల ఎంత ఘోరంగా కూలిందన్నది, ఆ మేస్త్రీలు ఎంత గట్టిగా కట్టారన్న దానికి కూడా కొలతే.

ఆ మేస్త్రీలు ఎవరు? కట్టడం నమూనా ఇరాన్‌ది, ఇందులో ఎవరికీ సందేహం లేదు. నాలుగు ఇవాన్ల ఆవరణ సమర్‌ఖండ్‌లో 1420లో పూర్తయిన ఉలుగ్ బేగ్ మదర్సాలో కనబడుతుంది, ఖొరాసాన్‌లో 1440లలో పూర్తయిన ఖర్గిర్ద్ మదర్సాలోనూ కనబడుతుంది. నిలిచి ఉన్న మినార్‌ను చూడండి. మొదటి అంతస్తు మీద జిగ్‌జాగ్ గీతలుగా రంగు పలకలు అతికించారు. దాని చుట్టూ ఉన్న వరండాలకు మన దేశపు కట్టడాల్లో లాగా కింద బోదెలు లేవు. మినార్ ఒళ్లే వంపు తిరిగి బయటికి వచ్చి వరండా అయింది. ఇది ఇరాన్ పనితనం. ఆ రంగు పలకల విద్యా అక్కడిదే. నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చ కలిసిన లేత నీలానికి రాగి, పాలతెలుపుకు తగరం. గాజు పూతలో మొదటి రెండూ కరిగి రంగులవుతాయి, తగరం మాత్రం కరగకుండా సన్నని రేణువులుగా నిలిచి తెలుపునిస్తుంది. ఇవన్నీ చూసి ఇది దక్కన్‌కు దిగుమతి అయిన కట్టడమని కొందరు తేల్చేస్తారు.

ఆ తీర్పు విరిగిన అంచు దగ్గర నిలవదు. సమర్‌ఖండ్, ఖర్గిర్ద్ మదర్సాలు ఇటుక కట్టడాలు. అక్కడి మేస్త్రీ చిన్న ఇటుకలతో ఆలోచిస్తాడు. గోడ, కమాను, మినార్ అన్నీ ఇటుక కొలతలోంచే పుడతాయి. బీదర్‌లో పలకల పూత వెనక ఉన్నది నల్లరాయి, సున్నం. దక్కన్ లావా పొరల్లో పుట్టిన ఆ రాయి ఉలికి అంత తేలిగ్గా లొంగదు. దాన్ని అమరిక కుదిరేలా కొట్టడం, ఆ మందపు గోడకు సరిపడే సున్నం అనుపానం తెలియడం, ఈ ఎండకూ వానకూ అది ఎన్నాళ్లకు గట్టిపడుతుందో అంచనా కట్టడం ఇక్కడ పుట్టి పెరిగిన చేతులకే వచ్చే విద్య. గీసినవాడు, పలక కాల్చినవాడు, రాత రాసినవాడు ఇరాన్ వాళ్లు కావచ్చు. గోడ లేపింది దక్కన్ మేస్త్రీలు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు కదా అని అడగవచ్చు. పేర్లు లేకపోవడం వాళ్లు లేరనడానికి రుజువు కాదు. ఆ కాలంలో రాతి పనివాడి పేరు ఎవరు రాశారు గనక? పలకల మీద రాత రాసేవాడికి పేరు దక్కడం సులువు. పలక కింద రాయి పేర్చినవాడి సంతకం ఆ గోడే. పలకలు రాలిపోతుంటే అది బయటపడుతోంది. గోడలో ఊరిన చెమ్మ ఉప్పును మోసుకొచ్చి పలక వెనక ఆరిపోతుంది. ఉప్పు స్ఫటికాలు పెరిగి పలకను బయటికి నెడతాయి. రాలిన ప్రతి చోటా ఆ నల్లరాయి కనబడుతుంది.

ఇంత చెప్పాక, కూలిన భాగాన్ని తిరిగి కట్టాలన్న కోరికకు జవాబు చెప్పాలి. రెండు మినార్లూ ఒకేలా ఉండేవి కాబట్టి ఉత్తరపు దాన్ని చూసి దక్షిణపు దాన్ని కట్టేయవచ్చు కదా అన్నది వినసొంపైన మాట. ఊహ మీద ఆధారపడే చోట పునర్నిర్మాణం ఆగిపోవాలని పాత కట్టడాల పరిరక్షణపై వచ్చిన 1964 వెనిస్ ఒడంబడిక చెప్పింది. పార్థెనాన్‌లో ఇప్పుడు పడిపోయిన అసలు రాళ్లను గుర్తుపట్టి తిరిగి పేరుస్తున్నారు. అక్కడ ప్రతి పాలరాతి దిమ్మకూ తనదైన చోటు ఉంటుంది. బీదర్ గోడలోని రాయికి అలాంటి చోటు లేదు. సున్నంలో కూరిన రాయి ఒకసారి ఊడిపోతే ఎక్కడిదో చెప్పలేం. కాబట్టి కట్టేది పూర్తిగా కొత్తది అవుతుంది. దాన్ని నిలబెట్టడానికి విరిగిన అంచులను చెక్కి, కప్పెయ్యాలి. ఈ అధ్యాయంలో వాడిన సాక్ష్యమంతా ఆ అంచుల్లోనే ఉంది.

ఇంకా అడగని సాక్ష్యం కూడా అక్కడే ఉండవచ్చు. తుపాకిమందు కాలితే పొటాషియం లవణాలు, గంధకపు లవణాలు, మసి మిగులుతాయి. విరిగిన అంచుకు ఆనుకున్న గదుల్లో, వాన తగలని మూలల నుంచి, సున్నపు గచ్చు నమూనాలు చిటికెడు చొప్పున తీసి పరీక్షిస్తే ఆ జాడలు దొరుకుతాయేమో చూడవచ్చు. సూరేకారపు నైట్రేట్‌ను నమ్మడానికి లేదు. అది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, పైగా పాత గదుల్లో గబ్బిలాల పెంట నుంచి కూడా పుడుతుంది. గంధకపు లవణాలు వాహనాల పొగ నుంచి కూడా వస్తాయి. అందుకే పేలుడుకు దూరంగా ఉన్న వాయవ్య మూల గదుల నుంచి కూడా అదే లోతున నమూనాలు తీయాలి. రెండు చోట్లా ఒకే మోతాదు ఉంటే అది ఊరి గాలిది, గబ్బిలాలది. ఆగ్నేయం వైపు గదుల్లో, గచ్చు లోపలి పొరల్లో మసితో పాటు పొటాషియం ఎక్కువగా కనబడితే అది మందుది కావచ్చు. మరమ్మతుల పేరుతో అక్కడ సిమెంటు పూస్తే ఈ పరీక్షకు దారి మూసుకుపోతుంది. సిమెంటులో సొంతంగా సల్ఫేట్లు, పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి, చెమ్మతో పాటు అవి పాత సున్నంలోకి దిగుతాయి. కాబట్టి బీటలకు డంగు సున్నమే వాడాలి, దాన్ని కూడా నమూనాలు తీసి, అంచులన్నిటినీ రాయి రాయిగా కొలిచి బొమ్మ గీసుకున్న తర్వాతే పూయాలి.